గోగు తిని బండి నడపరాదు

మన రాష్ట్రంలో హెంపు అనే పదార్థాన్ని తిన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు, కళ్ళారా చూసినవాడైనా లేడు. అందుకని దాన్ని నియంత్రించడానికి ఒక మండలి పెట్టారు. ఇందులో నవ్వడానికేమీ లేదు. ఉన్నవాటిని నియంత్రించడం ఎంత కష్టమో తెలిసిన ప్రభుత్వం కాబట్టి, ఈసారి లేనిదానితో మొదలుపెట్టి చెయ్యి తిరిగేలా చేసుకుందామనుకుంది.

ఎక్కడో విదేశాల్లో ఆ మొక్క గింజలతో బిస్కెట్లు, నూనెలు, లడ్డూలు చేసి అమ్ముతున్నారనీ, రేపో మాపో అవన్నీ మన మీద వచ్చి పడతాయనీ పైనుంచి ఒక లేఖ వచ్చింది. లేఖ వచ్చిన నెల్లాళ్ళకల్లా భోజ్య హెంపు ఉత్పత్తుల నియంత్రణ మండలి వెలిసింది. దానికి మూడంతస్తుల భవనం, ఒక అధ్యక్షుడు, తొమ్మిదిమంది ఇన్‌స్పెక్టర్లు, నెత్తిన నీలం దీపం ఉన్న వ్యాను, సీళ్ళు వెయ్యడానికి సరిపడా లక్క, ఒక అనువాదకుడు. ఆ అనువాదకుడి పేరు పరాంకుశం. మనక్కావలసినవాడు ఇతనే.

పరాంకుశానికి నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషులో వచ్చిన ఉత్తర్వుల్ని తెలుగులోకి దించుతున్నాడు. మంచివాడు, పనిమంతుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. తనకు తోచింది ఒక్కసారి, తల వంచుకుని, మెల్లగా చెప్తాడు. వినకపోతే రెండోసారి చెప్పడు. ఈ కథంతా అతను రెండోసారి చెప్పకపోవడం వల్లే వచ్చింది.

నిబంధనలు ఇరవై రెండు పేజీలు వచ్చాయి. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా తెలుగు ప్రతి గెజెట్టుకి వెళ్ళాలి. హెంపుకి తెలుగేమిటి అన్నదగ్గర బండి ఆగింది. పరాంకుశం 'మత్తులేని గంజాయి జాతి మొక్క' అని రాశాడు. గంట తిరక్కుండా ఎక్సైజు శాఖ నుంచి ఘాటైన ఉత్తరం వచ్చింది. గంజాయి అనే పదము ఈ శాఖ పరిధిలోనిదనీ, అనుమతి లేకుండా ఇతర శాఖలు వాడరాదనీ దాని సారాంశం. సరేనని కొట్టేసి 'జనుము' అని రాశాడు. మధ్యాహ్నం భోజనాలు కాకముందే వ్యవసాయ శాఖవాళ్ళు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. జనుము విత్తనాలు రైతులకి పంచేది తామేననీ, ఆ మాట మీద సర్వహక్కులూ తమవేననీ. పోనీ 'నార' అందామంటే చేనేతవాళ్ళు ఊరుకోరు.

ఇక లాభం లేదని అధ్యక్షులు నిశ్శంకరరావుగారే రంగంలోకి దిగారు. పేరుకు తగ్గ మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఆయనకి ఏ విషయంలోనూ అనుమానం రాలేదు. చదువంతా ఢిల్లీలో, ఉద్యోగమంతా ఫైళ్ళలో, మధ్యాహ్నభోజనమంతా డాక్టరు రాసిచ్చిన ఓట్సు జావలో గడిచిపోయింది. ఆయన పాత నిఘంటువొకటి తెప్పించి, కళ్ళజోడు సర్దుకుని, హెంపు దగ్గర మూడో అర్థం మీద వేలు పెట్టారు. అక్కడ 'గోగు' అని ఉంది.

"ఈ మాట ఏ శాఖది?" అనడిగారు.

"ఏ శాఖదీ కాదు సార్. జనానిది," అన్నాడు పరాంకుశం.

"అంటే ఖాళీగా ఉన్నట్టే. మనం తీసుకుందాం."

పరాంకుశం కలం కింద పెట్టాడు. గోగంటే గోంగూరేననీ, అది కూరగాయల బజార్లో కట్టలు కట్టి అమ్ముతారనీ తల వంచుకుని మెల్లగా మనవి చేశాడు. నిశ్శంకరరావుగారు జాలిగా చూశారు. గోగు అనేది మొక్క అనీ, గోంగూర అనేది వంటకమనీ, ఉభయముల మధ్య స్పష్టమైన పరిపాలనా సరిహద్దు గలదనీ విశదీకరించారు. ఆ సరిహద్దు ఎక్కడుందో అడుగుదామని పరాంకుశానికి నాలిక చివరిదాకా వచ్చింది. గోడ గడియారం చూస్తే అయిదుకి పావు తక్కువ. పొట్టి సంతకం పెట్టేశాడు.

మూడు నెలలు హాయిగా గడిచాయి. హెంపు బిస్కెట్టు ఒక్కటీ రాష్ట్రంలో అడుగుపెట్టలేదు. వ్యాను కడిగి, తుడిచి, మళ్ళీ కడిగారు. అంతలో పైనుంచి సమీక్ష అన్నారు. ఎన్ని కేసులు పట్టారో, ఎన్ని దుకాణాలకి సీలు వేశారో లెక్క చూపించకపోతే మండలిని ఎత్తేస్తారని గాలివార్త. నిశ్శంకరరావుగారు ఇన్‌స్పెక్టర్లందర్నీ కూర్చోబెట్టి, నిబంధనలు మళ్ళీ చదివి బుద్ధిగా వెతకమన్నారు. ఇన్‌స్పెక్టర్లకి ఇంగ్లీషు ప్రతి కొరుకుడు పడలేదు కాబట్టి తెలుగు ప్రతి చదివారు. చదివి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అందరిలోకీ పెద్దవాడు ఏసుపాదం లేచి, ఇది మా ఇంట్లో వారానికి మూడు రోజులు తినే కూరండీ అన్నాడు. నిశ్శంకరరావుగారు తొణకలేదు. వృక్షశాస్త్రం పుస్తకం తెరిచి ఆ మొక్క శాస్త్రీయనామం చదివించారు. హైబిస్కస్ కన్నాబినస్ అని ఉంది. కన్నాబినస్ అంటే గంజాయి వంటిది అని అర్థమన్నారు. ఇక చెప్పేదేముంది? ఇన్ని తరాలుగా ఈ ప్రజలు తెలియకుండా ఎంత ప్రమాదంలో బతుకుతున్నారో తలుచుకుని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తరవాత ఏసుపాదం వైపు తిరిగి, వారానికి మూడు రోజులు సేవిస్తున్నట్టు తమరు ఒప్పుకున్న సంగతి మినిట్స్‌లో రాయించమంటారా అని మర్యాదగా అడిగారు. ఏసుపాదం కూర్చున్నాడు.

మొదటి నోటీసు తెనాలిలో తాయారమ్మకి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల అందరికన్నా పెద్ద బోర్డు ఆవిడదే. 'తాయారు గోంగూర' అని ఆకుపచ్చ అక్షరాలు, మూరెడేసి. ఆవిడ పరాంకుశానికి స్వయానా పిన్ని. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. ఆవిడే పెంచింది, ఇంటి వసారాలో పచ్చళ్ళు పెట్టి అమ్మి చదివించింది. ఇప్పుడు ఆ వసారా పెద్ద షెడ్డయింది. పద్నాలుగుమంది ఆడవాళ్ళు ఆవిడతోపాటు అక్కడే పనిచేసుకుని బతుకుతున్నారు.

నోటీసు అందిన పావుగంటకి ఫోను చేసింది.

"ఒరేయ్, గోంగూర మత్తుపదార్థమని ఎవడో రాశాట్ట. ఎవడ్రా వాడు?"

"ఎవరో పిన్నీ. కనుక్కుంటాను," అన్నాడు పరాంకుశం. ఆ రోజు మధ్యాహ్నం క్యారియరు విప్పబుద్ధి కాలేదు.

తాయారమ్మ బెదిరే రకం కాదు. రూలు రూలే కదా అని అన్నీ పాటించింది. సీసాలకి పిల్లలు తియ్యలేని మూతలు పెట్టించింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకి అమ్మనని అట్టముక్క మీద రాసి వేలాడగట్టింది. ప్రతి సీసా మీదా ఎర్ర కాగితం అంటించింది. దాని మీద పుర్రెబొమ్మ, కింద పరాంకుశం స్వయంగా అనువదించిన మాటలు. 'హెచ్చరిక. ఇది గోగు ఉత్పత్తి. ఒక విస్తరికి రెండు వడ్డనలకు మించరాదు. గోగు తిని నాలుగు గంటల వరకు బండి నడపరాదు.'

అదిగో, అక్కణ్ణుంచి మొదలైంది తమాషా. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో గోంగూర వడ్డిస్తే మొహం తిప్పుకున్న కుర్రకారు, మోటారుసైకిళ్ళేసుకుని షెడ్డు ముందు బారులు తీరారు. ఆధార్ కార్డులు చూపించి మరీ కొన్నారు. కొన్నది సందు చివరికి వెళ్ళి, అటూ ఇటూ చూసి, వేలితో నాకారు. రెండో వేలికే తేలిపోయినట్టుందని ఒకడన్నాడు. మనది పుల్లటి కిక్కురా, మెల్లగా ఎక్కుతుందని ఇంకొకడు. పెన్షను మేష్టారొకాయన పదేళ్ళ తరవాత కంటినిండా నిద్రపట్టిందని చెప్పి నెలకి సరిపడా పట్టుకుపోయాడు. చౌరస్తాలో పోలీసులు బళ్ళాపి నోళ్ళు వాసన చూడసాగారు. వెల్లుల్లి ఘాటు తగిలితే పక్కకి నిలబెట్టేవాళ్ళు.

దుగ్గిరాలలో ఒక పెళ్ళికి మండలివారు తనిఖీకి వచ్చారు. ఇరవై ఒకటి నిండనివాళ్ళకి వేరే బంతి వేయించారు. వధూవరుల వయస్సు సరిపోయింది కాబట్టి పేచీ లేదు. తీరా పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపే వేళకి, కారు డ్రైవరు గోంగూర మూడుసార్లు మారడిగి వేయించుకున్నాడని తేలింది. నాలుగు గంటలు కారు కదలడానికి వీల్లేదన్నారు. ఎదురింటివాళ్ళు ముక్కున వేలేసుకుని చూస్తుంటే, కొత్తదంపతులు చెప్పులు చేత్తో పట్టుకుని పొలంగట్ల మీదుగా నడిచి వెళ్ళారు.

ఈలోగా తాయారమ్మ పచ్చడి నమూనా ప్రయోగశాలకి వెళ్ళింది. పదకొండు రోజులు పరీక్షించి ఫలితం పంపారు. మత్తుపదార్థం, లేదు. పులుపు, మిక్కిలి ఎక్కువ. అంతే ఉంది అందులో. పరాంకుశానికి నెత్తిన పాలు పోసినట్టయింది. కాగితం పట్టుకుని దాదాపు పరుగెత్తుతూ అధ్యక్షులవారి గదికి వెళ్ళాడు.

నిశ్శంకరరావుగారు చదివారు. మొహం గంభీరమైంది. ఈ వ్యక్తి సీసా మీద ఇది గోగు ఉత్పత్తి అని స్వయంగా ముద్రించి ఉన్నదనీ, మండలి నిర్వచనం ప్రకారం గోగులో సదరు పదార్థం కనీసం లేశమాత్రమైనా ఉండి తీరవలెననీ, సున్న వచ్చినందున ఇందులో గోగే లేదని రుజువవుతున్నదనీ సెలవిచ్చారు. గోగు లేకుండా గోగు అని చెప్పి అమ్మడం కల్తీ. అమాయక వినియోగదారులు మత్తెక్కుతుందని నమ్మి కొని, మత్తెక్కక మోసపోతున్నారు. వారి ప్రయోజనాలు కాపాడేదెవరు?

సోమవారం పొద్దున్నే ఏసుపాదం వెళ్ళి షెడ్డుకి సీలు వేశాడు. వెయ్యలేక వెయ్యలేక వేశాడు, లక్క కరిగించడానికే అరగంట చేశాడు. అప్పటికి గంట ముందే లోపల పన్నెండు జాడీల గోంగూర తొక్కి పెట్టారు. ఉప్పు, పసుపు, చింతపండు వేసి తొక్కిన గోంగూర మూడోనాడు తీసి కింద మీదా కలపాలి. కలపకపోతే బూజు పట్టి పన్నెండు జాడీలూ పెంట మీద పొయ్యాల్సిందే. మూడోనాడంటే బుధవారం. ఆ సంవత్సరానికి ఆ పద్నాలుగు ఇళ్ళకీ అదే ఆధారం.

మంగళవారం పరాంకుశం సెలవు పెట్టి తెనాలి బస్సెక్కాడు. వెళ్ళేసరికి తాయారమ్మ సీలు వేసిన తలుపు ముందు పీట వేసుకుని కూర్చుంది. మిగిలిన ఆడవాళ్ళు అరుగు మీద వరసగా ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు, ఏ పనీ లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నారు. అది చూశాడు పరాంకుశం. పిన్ని పక్కనే నేల మీద చతికిలబడి, ఆ మాట రాసింది నేనేనని చెప్పేశాడు. శుక్రవారం సాయంత్రం సంగతి, నిఘంటువు సంగతి, పొట్టి సంతకం సంగతి, ఏదీ దాచలేదు.

తాయారమ్మ వాడి వైపు తిరిగింది.

"గోగంటే గోంగూరని ఆయనకి చెప్పావా?"

"చెప్పాను పిన్నీ."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"నాకు తెలుసురా. చిన్నప్పుడూ అంతే. ఇంకాస్త అన్నం కావాలని ఒక్కసారే అడిగేవాడివి. నేను విన్నాను గనక సరిపోయింది." ఆవిడ కొంగుతో వాడి మొహం తుడిచింది. "అందరూ నీ పిన్నమ్మలు కారు. రెండోసారి అడగాలి. వెళ్ళు, వచ్చిన బస్సే ఎక్కెయ్యి."

నాలుగింటికల్లా పరాంకుశం అధ్యక్షులవారి గదిలో నిలబడ్డాడు. ఈసారి తల వంచలేదు. గోగన్నది తప్పు మాట, దిద్దుకోవాలన్నాడు. నిశ్శంకరరావుగారు ఫైల్లోంచి తలెత్తలేదు. మండలి తప్పు చేయజాలదన్నారు. చేసినదంటే మండలిని ఎత్తేస్తారు. మండలి లేకపోతే ఆ తప్పును సరిదిద్దే అధికారం ఎవరికుంటుంది? కాబట్టి తప్పు దిద్దడానికైనా సరే, తప్పు లేదనే ఒప్పుకోవలెను.

పరాంకుశం రెండోసారి చెప్పాడు. గొంతు పెంచి చెప్పాడు. బయట బంట్రోతు తొంగిచూశాడు. అయినా ఆయన అదే సమాధానం చెప్పారు. అప్పుడు పరాంకుశానికి తట్టింది, తను ఇంతసేపూ తెలుగులో మాట్లాడుతున్నాడని. ఊపిరి పీల్చుకుని మండలి భాషలోకి మారాడు.

"తప్పని మనవి చేయడం లేదు సార్. హోదా చాలడం లేదంటున్నాను. ఎక్సైజు వారికి గంజాయి ఉంది. మనకేమో బజార్లో కట్టలు కట్టి అమ్మే మాట. మూడంతస్తుల భవనానికి ఇది తగిన పదమేనా?"

నిశ్శంకరరావుగారు మొదటిసారి తలెత్తారు. మొన్న ఉన్నతస్థాయి సమావేశంలో ఈ పేరు చదవగానే ఎవరో కిసుక్కున నవ్వారనీ, అప్పట్నుంచీ తన మనసు మనసులో లేదనీ ఒప్పుకున్నారు. మరేం చేద్దామన్నారు. పరాంకుశం జేబులోంచి కాగితం తీశాడు. తెనాలి బస్సులో తొట్రుపడే అక్షరాలతో రాసుకున్న కాగితమది. గోగు అని ఉన్న ప్రతిచోట, సీలు నోటీసులతో సహా, 'భంగావర్గీయ స్థూలశణోద్భవ భోజ్యద్రవ్యములు' అని చదువుకొనవలెను.

ఆయన దాన్ని ఒకసారి లోపల, రెండుసార్లు పైకి చదివారు. మూడోసారి చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. భాషంటే ఇదీ అన్నారు. అంతలో ఏదో గుర్తొచ్చి ఆగారు.

"ఈ మాట ఏ శాఖది?"

"ఏ శాఖదీ కాదు సార్. జనానిది కూడా కాదు."

ఆయన సంతకం పెట్టారు. అయిదింటికల్లా సవరణ గెజెట్టుకి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్న ఏసుపాదం సవరణ కాగితం పట్టుకుని షెడ్డు ముందు దిగాడు. గోగుకి వేసిన సీలు ఇప్పుడు కొత్త మాటకి వేసిన సీలయింది. లోపల ఆ పేరుతో అమ్మే సరుకు ఉంటే సీలు ఉంచాలి, లేకపోతే తియ్యాలి. ఆ సరుకేమిటో అతనికి తెలియదు. పై అధికారిని అడుగుదామంటే, ఆయనకీ తెలియదని తేలిపోతుంది కాబట్టి ఆయన అడగనివ్వలేదు. అరుగు మీద ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఏసుపాదం కళ్ళజోడు పెట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంటూ చదివాడు.

"తాయారమ్మగారూ, మీ దగ్గర భంగావర్గీయ, స్థూల, శణోద్భవ, భోజ్యద్రవ్యములు ఏమన్నా ఉన్నాయా?"

తాయారమ్మ నలభై ఏళ్ళుగా దుకాణం నడిపిన మనిషి. అడిగినదేదో తెలియనప్పుడు ఏం చెప్పాలో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు.

"అయిపోయాయి నాయనా. వచ్చే వారం రండి," అంది.

ఏసుపాదం 'నిల్వ శూన్యం' అని రాసుకుని, ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, లక్క పగలగొట్టాడు. ఆడవాళ్ళు బిలబిలమంటూ లోపలికి దూరారు. మొదటి జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి తాయారమ్మ వంగి వాసన చూసింది. పైపొర ఒక్కటే కాస్త రంగు తిరిగింది. లోపలంతా శుభ్రంగా ఉంది. మోచేతుల దాకా చేతులు పెట్టి పన్నెండు జాడీలూ కలిపారు. ఆవిడ అప్పుడు ఏడ్చింది, కన్నీళ్ళు జాడీలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుని. ఏసుపాదం గడపలో నిలబడి, ఆకులో వేడన్నం, కొత్త గోంగూర కలుపుకుని తిన్నాడు. తిన్న తరవాత వ్యాను తనే నడుపుకుంటూ వెళ్ళాడు.

ఆ కబురు ఎలా పాకిందో గానీ, రాష్ట్రంలో ఇన్‌స్పెక్టర్లు ఏ దుకాణంలో అడిగినా ఒకటే జవాబు. అయిపోయాయండీ, వచ్చే వారం రండి. కిరాణా కొట్టులో అయిపోయాయి, మందుల షాపులో అయిపోయాయి, ఒక చెప్పుల దుకాణంలో కూడా నిన్నే అయిపోయాయి. నివేదికలన్నీ గుదిగుచ్చి చూసిన నిశ్శంకరరావుగారికి నిజం కళ్ళకు కట్టింది. ఒక్క చోటైనా మిగలకుండా ప్రజలు ఎగబడి కొంటున్నారు. గిరాకీ ఈ స్థాయిలో ఉంటే తొమ్మిదిమంది ఏ మూలకి? ఇంకో పద్ధెనిమిదిమంది ఇన్‌స్పెక్టర్లు కావాలని రాశారు. వెంటనే మంజూరైంది.

ఆ మంజూరు వచ్చిన రోజున మధ్యాహ్నం పరాంకుశం క్యారియరు విప్పుకున్నాడు. పిన్ని పంపిన కొత్త సీసా మూత తీశాడు. ఆ వాసన వరండా దాటి, రెండు తలుపులు దాటి అధ్యక్షులవారి గదిలోకి వెళ్ళింది. ఓట్సు జావ చెంచాతో కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఒక నిమిషానికి నిశ్శంకరరావుగారే గుమ్మంలో కనిపించారు. ఏమిటది అన్నారు. పరాంకుశం క్షణం ఆలోచించి, తల ఎత్తి, భంగావర్గీయ స్థూలశణోద్భవ భోజ్యద్రవ్యము సార్ అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి చూసి తలుపు వేశారు. మండలి అధ్యక్షుడిగా దీని గుణదోషాలు స్వయంగా పరిశీలించవలసిన బాధ్యత తన మీద ఉన్నదని మెల్లగా అన్నారు.

పరాంకుశం వేడన్నంలో నెయ్యి వేసి, నిబంధన ప్రకారం రెండే వడ్డనలు వడ్డించాడు. ఆయన మూడోది అడిగి వేయించుకున్నారు. నాలుగోది అడక్కుండానే తీసుకున్నారు. చెయ్యి కడుక్కుని, గదికి వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలారు. కళ్ళు మూతలు పడుతున్నాయి. మనం నియంత్రించబట్టి సరిపోయింది గానీ ఇది చాలా బలమైన సరుకు సుమండీ అని గొణిగి, గురక పెట్టారు.

నాలుగు గంటలపాటు ఆయన లేవలేదు. బల్ల మీద ఒక్క ఫైలూ కదల్లేదు. ఆ పూట రాష్ట్రంలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.